దీవిలో పిలవని పేరంటం

హలో… ఆఁ, నేనేనే. వూలానే. నా ఫోను ఇంకెవరెత్తుతారు? ఇక్కడ విడిచిన చెప్పులు సర్దడానికి కూడా ఒక మనిషున్నాడు గానీ, ఫోనెత్తడానికి ఇంకా ఎవర్నీ పెట్టలేదు… ఏమో, సాయంత్రానికి పెడతారేమో.

గట్టిగా మాట్లాడనా? కుదరదే అస్పా. ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదు… లేదు, ఎవరూ అనలేదు. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. నవ్వుతారంతే. ఆ నవ్వు చూశాక నువ్వే నోరు మూసుకుంటావ్… ఉండు, తోట చివర గోడ దగ్గరికి వెళ్తా… ఆఁ. ఇప్పుడు చెప్పు.

…నా తల్లే! నువ్వూ నూరేళ్లు చల్లగా ఉండవే. పొద్దుట్నుంచి నా పేరున్న పునీతురాలి రోజని, నా పేరు పండగని నోరు తెరిచి చెప్పింది నువ్వొక్కదానివే… స్మారోనా? నీ అక్క కూతురికి ఇవాళ తీరికెక్కడిది? కాబోయే అత్తారింట్లో ఏ చెంచాతో ఏం తినాలో నేర్చుకుంటోంది. పొద్దున్నే నా గదికొచ్చి, తలుపేసి, చెవిలో చెప్పి పోయింది. దొంగసరుకు అప్పజెప్పినట్టు.

ఎలా ఉందా… ఎలా ఉంటుంది, స్వర్గమే. చచ్చాక గదా అక్కడికి పోయేది, ఇక్కడా అంతే. ఒక్క చప్పుడుండదు.

నిజమే చెప్తున్నా! రాత్రి పడుకోబోతుంటే ఒకాయనొచ్చాడు, కోటూ బూటూ. "ఏ దిండు కావాలండీ" అంటాడు… దిండే! తలకింద పెట్టుకునేది! బాతు ఈకలదా, గొర్రె బొచ్చుదా, ఎండు పూలదా అని. నాయనా, నేను రొట్టెలు కాల్చుకు బతికేదాన్ని, పిండి బస్తా మీద తలవాల్చినా నిద్రపోతానూ అన్నా… ఏం చేస్తాడు? నవ్వాడు. ఆ నవ్వే నేను చెప్పేది.

తువ్వాలు ఒకసారి ముట్టుకుంటే చాలు, మైలపడినట్టు పట్టుకుపోతారు. నిన్న పొద్దున నా కాఫీ కప్పు నేనే కడుక్కున్నానే… ఆఁ, అంతే. ఆ కప్పు కడిగినందుకు వంటింట్లో వాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెళ్లి చెడిపోయిందనే అనుకున్నా.

తిండా? బ్రహ్మాండం. పళ్లెం ఇంతుంటుంది, పడవ చుక్కానికి సరిపోతుంది. మధ్యలో ఒక రొయ్య. ఒక్కటే. పాపం, దిక్కులేనిది. దాని పక్కన ఆకుపచ్చగా ఒక చుక్క… ఏమో, చుక్కే. నేను తుడిచేద్దామనుకున్నా, స్మారో నా చెయ్యి పట్టుకుంది.

సముద్రం పక్కనే సముద్రపు నీళ్లు పోసి ఒక కొలను కట్టుకున్నారే… ఎందుకంటే, సముద్రంలో చేపలుంటాయట! ఇసకని రోజూ పొద్దున్నే దువ్వుతారు. అవునే, దువ్వుతారు. దాని మీద నడవాలంటే నాకు భయం. ఇంకో సంగతి, మేకలు కంపు కొడుతున్నాయని, దీవంతా వాళ్లదే గదా, ఉన్న మేకలన్నిటినీ తోలేశారట. తోలేసి, తోటలో పాలరాతి మేకని నిలబెట్టారు. ఇది కంపు కొట్టదు గదా.

…నవ్వు, నవ్వు. నీకేం, అక్కడ కూర్చుని నవ్వుతావ్.

ఎవరు, వియ్యపురాలా? వీవీగారా… మంచిదేనే. మంచిది కాదని ఎవరన్నారు? మాట్లాడితే గదా తెలిసేది. వచ్చిన రోజు "ప్రయాణం బాగా జరిగిందా" అనడిగింది. బాగా జరిగిందండీ అన్నా. మర్నాడూ అదే అడిగింది. మర్నాడూ బాగానే జరిగిందని చెప్పా.

ఇప్పుడా? ఇదిగో, ఇక్కణ్ణుంచి కనపడుతూనే ఉంది. పందిరి కింద కూర్చుంది, పొద్దుట్నుంచీ అక్కడే. నీలం పట్టుగౌను, ముత్యాలు, పెదాలకి రంగు… ముందు బల్ల మీద ట్రేలో ఏదో పెట్టుకుంది, తెల్లగుడ్డ కప్పి. చూపంతా సముద్రం వైపే. ఎవరో గొప్పవాళ్లొస్తున్నట్టున్నారు… నేనెందుకడుగుతా? అడిగితే నవ్వుతుంది.

నా బిస్కట్లా… ఆ మాట ఎత్తకు. రాత్రంతా కూర్చుని కాల్చి తెచ్చానా, ఆ డబ్బాని చేతులకి తొడుగులేసుకుని మరీ తీసుకుపోయారు. ఏ మూల పారేశారో.

…

అవునూ, ఏంటే ఆ చప్పుడు?

ఇంజనా… ఏ ఇంజను? నువ్వు ఇంట్లో లేవా?

అస్పా. ఎక్కడున్నావ్ నువ్వు?

అన్నయ్య పడవలోనా! చేపల పడవలో నీకేం పనే ఎండవేళ… "మేము" అంటే? "మేమందరం" అంటే ఎవరే?

…

…మీ ఆయనా… వదినా, పిల్లలూ… కొట్టు పక్క వాళ్లు కూడానా!

అయ్యో దేవుడా.

నేనెప్పుడు రమ్మన్నానే? ఈ ఏడు నా పండగ ఆ దీవిలోనే అయిపోతుందని అన్నా. అవును, అన్నా. ఏడ్చాను కూడా. అంటే రమ్మని కాదే! …తెలుసు. పేరు పండక్కి ఎవరూ పిలవరు, తలుపు తీసి కూర్చుంటారు, వచ్చేవాళ్లొస్తారు. తెలుసే, నాకు నువ్వు చెప్పాలా? కానీ ఇది నా తలుపు కాదే! వూలా ఎక్కడుంటే అక్కడికే పోదామని అన్నయ్య అంటే… అన్నయ్యకి లేకపోతే నీకుండక్కర్లేదా బుద్ధి?

ఏం తెస్తున్నారు? …కుండలో వండిన గొర్రెమాంసం… అబ్బా, కుండతో సహానా! …ఫిడేలెందుకే? ఫిడేలు ఎవరు తెమ్మన్నారు?

తిప్పమను. పడవ తిప్పమను అన్నయ్యని… ఎందుకేంటి! ఇక్కడ కాపలా పడవుంది. ముందు చెప్పకుండా ఎవరొచ్చినా ఆపేస్తుంది. మర్యాదగా, నవ్వుతూ ఆపేస్తుంది. మిమ్మల్నందర్నీ కుండతో సహా వెనక్కి పంపిస్తుంటే నేను ఈ గోడ మీంచి చూస్తూ నిలబడాలా?

వినవే, నిన్న స్మారో నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "అమ్మా, పెళ్లి మాటలు ఇంకా పూర్తి కాలేదు, మీ వాళ్లెవరూ ఈ ఛాయలకి రాకుండా చూడు" అంది. "మీ వాళ్లు" అందే! వెంటనే నాలిక్కరుచుకుంది, అది వేరే సంగతి. పెళ్లి ఇక్కడే చేస్తారట. మన వైపు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే రావాలట… ఏమన్నానా? ఏమీ అనలేదు. నోట్లో రొయ్య ఉంది.

…

సిగ్గా? మీరంటే నాకు సిగ్గా? ఆ మాట ఇంకోసారి అన్నావంటే…

…

అవునే. సిగ్గే. రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య పులుసు జుర్రుకునే చప్పుడు గుర్తొచ్చి ఒళ్లు చచ్చిపోయింది. మనల్ని పెంచిన మనిషే. ఆయన ఇక్కడ లేడు గదా అని హాయిగా ఊపిరి పీల్చుకున్నా. ఆ తర్వాత దిండు మీద పడి ఏడ్చా… ఏ దిండైతే నీకెందుకు! బాతు ఈకలది.

ఏడవకే. నువ్వేడిస్తే నేనూ… నా కూతురు, అస్పా. దానికి ఆ పిల్లాడంటే ప్రాణం. పిల్లాడు మంచివాడు కూడాను. నా మూలంగా దాని తల వంగకూడదు. నీకు దండం పెడతా, తిప్పమను. రేపు నేనొచ్చేస్తా, కొట్టు ముందు బల్లలేసుకుని…

ఉండు ఉండు. ఆవిడ లేచింది.

చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. మీ పడవ కనపడిపోయింది… నాకూ కనపడుతోంది. ఆ జెండాలేంటే! తిరునాళ్లకా వెళ్తున్నారు!

ఇటే వస్తోంది. నువ్వు పెట్టెయ్యకు…

ఆఁ, వదినగారూ… అబ్బే, ఏం లేదండీ, మా చెల్లెలు… ఆ పడవా? ఏ పడవండీ? …ఓ, అదా. జాలర్లయి ఉంటారు… ఇటు రాదండీ. తిరిగిపోతుంది. మీరేం కంగారు పడకండి, ఇప్పుడే తిరిగి…

వదినగారూ? ఏమైందండీ… ఆ కళ్లనీళ్లేంటండీ, నేనేమన్నాను? కూర్చోండి, ఇలా గోడ మీద…

నిజం చెప్పేస్తా. మావాళ్లేనండీ. ఇవాళ నా పేరు పండగ. నేను పిలవలేదండీ, ఒట్టు, వాళ్లంతట వాళ్లే బయల్దేరారు. మీ ఇంటి పద్ధతి వాళ్లకి తెలీదు… అవునండీ, వూలా అంటే పరస్కేవూలానే… స్తవ్రూలా అనుకున్నారా? కాదండీ, పరస్కేవూలా. మా మామ్మ పేరు.

…మీదీనా?

వీవీ అంటే… మీరూ పరస్కేవీయేనా?

అయ్యో నా తల్లీ. ఇద్దరిదీ ఒకే పునీతురాలి పేరు, అంటే ఇవాళ మీ పండగ కూడానా!

అస్పా! విన్నావా? ఈవిడ పండగ కూడా ఇవాళేనటే! …ఆ మొగుడుగారు వీవీ అని కత్తిరించేశాట్ట, పూర్తి పేరు పల్లెటూరి వాసనేస్తోందని… నువ్వు కాసేపు నోరు మూసుకో, చెప్పనీ… ఎవరు రాలేదండీ? …ఒక్కరూనా? పొద్దుట్నుంచీ?

ప్రతి ఏడూనా!

…

అస్పా, ప్రతి ఏడూ ఇలాగే ముస్తాబై కూర్చుంటుందట. ఎపిరస్ కొండల్లో పుట్టిందట, ఈ రోజు వాళ్లింట్లో ఇసకేస్తే రాలనంత జనమట, వాళ్లమ్మ గ్లాసులు కడగలేక చచ్చేదట… పిలవచ్చు గదా అంటావా? నీ మొహం, తన పండక్కి తనే ఎలా పిలుచుకుంటుంది? నువ్విప్పుడు నాకేం చెప్పావ్? పిలవకూడదు, వాళ్లే రావాలి. పిలవందే ఈ దీవికి ఈగ కూడా రాలేదు. ఇంకేం, బల్ల ముందు కూర్చుని సముద్రంకేసి చూడ్డమే.

మొగుడా? పూలు పంపించాడుగా, గది నిండా… ఆయన కాదులే, ఆయన ఆఫీసు వాళ్లు.

నేనేమో పొద్దుట్నుంచీ ఈ తోటలోనే తిరుగుతూ ఎవరో జమీందారు వస్తున్నాడనుకుని వెక్కిరించుకుంటున్నా. ఒక్కసారి వెళ్లి అడిగుంటే నా సొమ్మేం పోయేది!

గుడ్డ తీసి చూపిస్తోంది… ఆ ట్రేనే, చేత్తో పట్టుకునే వచ్చింది పాపం… చిన్న గ్లాసులు, నిమ్మ సారా… అస్పా. నా బిస్కట్లే. నా డబ్బాలోవే, పూలరేకుల్లాగా పేర్చుకుంది. తనకని ఎవరో ఇంట్లో చేసి తెచ్చింది ఇవొక్కటేనట.

…

ఏడుస్తున్నానా? ఏడుస్తున్నా. అయితే ఏం?

ఆవిడ అడుగుతోంది… నిన్నే అడుగుతోంది. పడవ తిప్పేశారా అని… సగం తిప్పారా? మళ్లీ తిప్పమను! అన్నయ్యకి చెప్పు, ఇటే, ఇటే! ఇంజను పగిలిపోనీ!

చూసుకోండి, కాపలా పడవ బయల్దేరింది… ఆగకండి! …వదినగారూ, నెమ్మది, రాళ్లున్నాయి…

అస్పా, ట్రే నా చేతుల్లో పెట్టేసి, చెప్పులు విసిరేసి రేవు వైపు పరిగెడుతోందే! ఇసక మీద! దువ్విన ఇసక మీద! …అరుస్తోంది. కాపలావాళ్ల మీద చేతులూపుతూ అరుస్తోంది, వినపడుతోందా? మన చేపల బజారులో కూడా ఇంత గొంతున్నవాళ్లు లేరే! …ఆగిపోయారు. ఒక్కడికీ నవ్వు రావట్లేదు.

ఇదిగో, స్మారో వచ్చింది, మొహం సున్నం కొట్టినట్టు… ఏంటే? …మనవాళ్లేనే. ఆఁ, మనవాళ్లే. మీ అత్తగారే రానిస్తోంది, అటు చూడు… అలా గుడ్లప్పగించి నిలబడకు. లోపలికెళ్లి ఇంకా గ్లాసులు పట్రా. పెద్ద పళ్లేలు కూడా తే, కుండ వస్తోంది.

అస్పా, ఒక్క మాట. దిగగానే వూలా వూలా అంటూ నా మీద పడకండి. ముందు ఆవిడ దగ్గరికెళ్లి, నూరేళ్లు చల్లగా ఉండమ్మా పరస్కేవీ అనండి. పూర్తి పేరు పెట్టి. ఒక్కొక్కళ్లూ వెళ్లి అనండి. అన్నయ్యని బుగ్గ మీద ముద్దు పెట్టుకోమను, గడ్డం గుచ్చుకున్నా సరే.

…నాకా? నాకు తర్వాత. నా దగ్గరికి ఏటా వస్తూనే ఉన్నారు గదే.

ఉంటా మరి. ట్రే తెమ్మని అక్కణ్ణుంచి కేకలేస్తోంది.