కవిగారి మౌనం, అల్లుడుగారి అయిదు నిమిషాలు

అయిదు నిమిషాలేమిటి అల్లుడుగారూ? అయిదు నిమిషాలు చెయ్యి ఆడకపోతే మనిషి పనిలో లేనట్టేనని మీకెవరు చెప్పారు? చదివేవాళ్ళు కళ్ళతో చదువుతారు గానీ వేళ్ళతో చదువుతారా?

కూర్చోండి, లేవకండి. ఇంట్లో అయితే అత్తగారిని కాబట్టి నోరు కట్టుకుంటాను. ఇది ప్రెస్సు. ఇక్కడ నేను ప్రూఫులు దిద్దేదాన్ని, మీరు కంప్యూటర్లు చూసే ఆయన. అంతే చుట్టరికం.

అసలు ఆ మేనేజరు మిమ్మల్ని ఏమడిగాడు? పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు ఒకేసారి ముగ్గురినే లోపలికి రానిస్తుంది, మేమేమో అయిదుగురం, ఒకళ్ళు లాగిన్ అయి టీకి పోతే ఇంకొకళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సి వస్తోంది, ఏదైనా ఉపాయం చూడండి అన్నాడు. న్యాయమే. మీరేం చేశారు? అయిదు నిమిషాలు ఏ కీ నొక్కకపోతే దానంతటదే బయటికి గెంటేసేట్టు పెట్టారు. గెంటినప్పుడల్లా మేనేజరు తెర మీద మా పేరు పక్కన ఒక ఎర్రచుక్క.

మరి టీకి పోయేవాళ్ళు ఆగారా? అట్టలు వేసే ఆయన్నే చూడండి. కీబోర్డు మీద స్టాప్లర్ పెట్టి పోతాడు. టీ తాగి, సిగరెట్టు కాల్చి, బావమరిదితో ఫోనులో పోట్లాడి వచ్చేసరికి తెర నిండా 'క'లు. ఒక్క చుక్క లేదాయనకి. కష్టపడే మనిషని మొన్న మీటింగులో పొగిడారు కూడా. నేనూ చప్పట్లు కొట్టాను. స్టాప్లర్‌కి.

నాకేమో చుక్కలే చుక్కలు. నేను ఒక మాట దగ్గర ఆగుతాను. దీనికి ఒత్తుందా లేదా, రాసినాయన కావాలని వదిలేశాడా, కునుకు పట్టి వదిలేశాడా అని ఆలోచిస్తాను. తల ఎత్తేసరికి తెర మీద బోర్డు: మీరు పనిలో లేరు కనుక బయటికి పంపడమైనది. బడి మొహం సరిగ్గా చూడకపోయినా, పొట్లం కట్టిన కాగితం కూడా వదలకుండా చదివి ఈ కుర్చీ దాకా వచ్చినదాన్ని. నన్ను పనిలో లేరంటుందా? మీరు ఆదివారం పూట రిమోటు పట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సోఫాలో కదలరే, మా అమ్మాయి మిమ్మల్ని ఎప్పుడైనా గెంటిందా?

నవ్వకండి. నెలాఖరుకి ఒకరిని తీసేస్తానన్నాడు మేనేజరు. చుక్కలు ఎక్కువున్నవాళ్ళని. అంటే ఇంకెవరు, నన్నే.

మౌసు కదపొచ్చు కదా అంటారా? నా మౌసు ఎప్పుడో చచ్చింది బాబూ. కొత్తది అడిగితే, చదివేవాళ్ళకి మౌసెందుకన్నారు. ఏదో ఒక కీ నొక్కుతూ ఉండండి అత్తయ్యగారూ అని భోజనం చేస్తూ మీరే సెలవిచ్చారు. ఏ కీ నొక్కను? అక్షరం నొక్కితే తప్పు పడుతుంది. నా చేత్తో తప్పు వేస్తానా? అందుకని స్పేస్ నొక్కాను. గెంటేస్తుందేమోనని గుండె గుభేలుమన్నప్పుడల్లా గబగబా ఓ నాలుగు సార్లు నొక్కి, హమ్మయ్య అనుకుని మళ్ళీ చదువుకునేదాన్ని. ఆ జాగాలు ఆఖర్న చెరిపేద్దాంలే అనుకున్నాను.

చెరిపే లోపలే అచ్చుకి లాక్కుపోయారు.

కవితల పుస్తకం అది. అచ్చయి వచ్చాక తెరిచి చూశాను. పాలపళ్ళు ఊడిన పిల్లాడి నోరులా ఉంది ప్రతి పేజీ. 'గొడుగు' అన్న మాట మధ్యలో కూడా పడింది ఒక జాగా. 'గొడు' ఇక్కడ, 'గు' అక్కడ.

కవిగారు వస్తున్నారని తెలిసి, ఎవరూ పొమ్మనక ముందే టిఫిను డబ్బా సంచీలో పెట్టుకున్నాను. వచ్చాడు. చేతిలో పత్రిక, అందులో పుస్తకం మీద సమీక్ష. గాలివానకి గొడుగు రెండుగా చిరిగిన దృశ్యాన్ని కవి అక్షరాల మధ్య ఖాళీతో కళ్ళకు కట్టాడట. ఇంకో కవితలో తండ్రిని తలుచుకోబోయి గొంతు పూడుకుపోయిందట. అక్కడ జాగా పడినప్పుడు, అల్లుడుగారూ, నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నాను.

ఆయన నాకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

"అమ్మా, నేను రాయని మౌనం మీకెలా వినపడింది?"

టిఫిను డబ్బా సంచీని కాలితో కుర్చీ కిందికి తోశాను.

"వినపడింది లెండి," అన్నాను.

తర్వాతి పుస్తకం కూడా ఈవిడే చూడాలి, లేదంటే వేరే ప్రెస్సు చూసుకుంటాను అని మేనేజరు మొహం మీదే చెప్పి పోయాడు. మేనేజరు స్వయంగా నాకు కుర్చీ లాగాడు. చుక్కల ఊసే లేదు. పైగా, అమ్మగారి సీటుకి ఆ గెంటుడు తీసేయమని అల్లుడుగారికి చెప్తానన్నాడు. అందుకే కదా మీరిప్పుడు వచ్చింది?

తీయకండి.

అలా చూస్తారేమిటి? నిన్న ఆయన తన కంప్యూటరే నాకిచ్చాడు. మేనేజర్ని గెంటే ధైర్యం దేనికుంటుంది, ప్రశాంతంగా చదివాను. ఒక్క మౌనం వస్తే ఒట్టు. పోనీ కావాలని పెడదామని చూశాను. పెట్టిన ప్రతి జాగానీ మరుక్షణం నా వేలే వెళ్ళి మూసేసింది. జన్మంతా జాగాలు మూసిన వేలు, ఇప్పుడు నేను చెప్తే వింటుందా? భయపడితే గానీ రావు అవి. గెంటేస్తారని ఒళ్ళు జలదరించాలి, అప్పుడు గానీ కవిగారి గొంతు పూడుకుపోదు.

అందుకని ఉంచండి. ఉంచడం కాదు, రెండు నిమిషాలు చెయ్యండి. కవిగారి ఈ కొత్త పుస్తకం లావుగా ఉంది, ఆయన చాలా ఆశ పెట్టుకున్నాడు.

ఆ మొదటి పుస్తకంలో నేను దిద్దిన తప్పులు ఎన్నో మీకు తెలుసా? పుట్టిన ఊరి పేరే తప్పు రాసుకున్నాడు మహానుభావుడు, అదీ నేనే దిద్దాను. దాని మీద ఏ పత్రికా ఒక్క ముక్క రాయలేదు. రాయరు లెండి. సరిగ్గా ఉన్నచోట ఎవరాగి చూస్తారు?

ఈ జాగాల సంగతి అమ్మాయితో మాత్రం అనకండి. ఆ పుస్తకం కొని తెచ్చుకుంది. జాగా వచ్చినచోటల్లా ఆగి కళ్ళు మూసుకుంటోంది, పిచ్చి పిల్ల.