కలిపి పలకకూడని రెండక్షరాలు

అధ్యక్షస్థానంలో కుదురుగా కూర్చోలేక మాటిమాటికీ ముందువరస కుర్చీల కిందికి తొంగిచూస్తున్న మన పశువుల డాక్టరుగారికి, పెద్దలకి, మా వీధి దుకాణాల మిత్రులకి, అందరికంటే ముఖ్యంగా మా వియ్యంకులకీ వియ్యపురాళ్ళకీ నమస్కారం.

కొత్తగా వచ్చినవాళ్ళు కంగారుపడకండి. నాకు పెళ్ళికెదిగిన పిల్లలెవరూ లేరు. మా షాపు ముందు నెలకో ఆదివారం టెంటు వేసి, దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళకి చూపించేవాళ్ళం. దాన్ని ఈ వీధివాళ్ళు పెళ్ళిచూపులు అనేవారు. పిల్లనిచ్చుకున్నాం కాబట్టి, తీసుకెళ్ళినవాళ్ళు మాకు వియ్యంకులయ్యారు. వియ్యంకుల బెట్టు కూడా మామూలుగా చెయ్యలేదండీ మీరు! అదిగో, మూడోవరసలో హెడ్‌మిస్ట్రెస్‌గారు నవ్వుతున్నారు. చేపల మేత కోసం వచ్చి పిల్లిని తీసుకెళ్ళి, మర్నాడు ఫోన్ చేసి, "మీ అమ్మాయి నా మంచం దిగనంటోంది, కాస్త మందలించండి" అన్నారు. ఇప్పుడు ఆ మంచం పిల్లిది, ఈవిడ కుర్చీలో పడుకుంటారు. (నవ్వులు)

అసలు మేం పెట్టుకున్నది చేపల తొట్లు, పిట్టల గింజలు, కుక్కల మెడపట్టీలు అమ్మే చిన్న దుకాణం. తలుపు తోస్తే గంట మోగేది. లోపలికి రాగానే గింజల వాసన, తొట్టిలో బుడగల చప్పుడు. మా ఆయన నిచ్చెన మీద కూర్చుని, ఎవరొచ్చారో చూడకుండానే, "రండి రండి, కాలికింద చూసుకుని రండి" అనేవారు. ఇప్పటికీ ఏ తలుపు గంట విన్నా నా కళ్ళు ముందు నేలమీదికే పోతాయి.

ఒకరోజు పొద్దున్న షట్టర్ ఎత్తేసరికి గుమ్మంలో అట్టపెట్టె, అందులో కుక్కపిల్లలు. వానలో నానిపోయి, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేమన్నా అనాథాశ్రమమా, అని వీధంతా వినపడేలా అరిచాను. మా ఆయన తన తువ్వాలు తెచ్చి వాటిని తుడవడం మొదలుపెట్టారు. తుడుస్తూ తుడుస్తూ, "ఒక్కటే మాట. వీటికి నువ్వు పేరు పెట్టకు. పెట్టావా, ఇంక ఎవరికీ ఇవ్వలేవు" అన్నారు. నా సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు చెప్పండి.

అదే మా షాపు కట్టుబాటైంది. మేం పేరు పెట్టం. ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళని, "ఏం పేరు పెడతారు?" అని అడుగుతాం. వాళ్ళు అందరి ముందూ పేరు చెప్పి, ఒకసారి ఆ పేరుతో పిలవాలి. అంతే, ఆ క్షణం నుంచి అది వాళ్ళ బిడ్డ. మావాళ్ళెవరూ దాన్ని మళ్ళీ పిలవకూడదు. ఆయన పోయాక కూడా ఆ మాట నేను తప్పలేదు. తప్పలేదనే అనుకున్నాను.

ఇక్కడే వస్తుంది, ఇప్పుడు టైలరన్నయ్య కుర్చీ కింద పడుకుని ఉన్న పెద్దమనిషి సంగతి. తర్వాతెప్పుడో మా గుమ్మంలోకి వచ్చిన కూనల్లో ఒకడు వీడు. వీడికొక పిచ్చి. టెంటులోంచి ఏ కుక్క అత్తారింటికి బయల్దేరినా, వీధిచివరిదాకా వెళ్ళి సాగనంపాల్సిందే. వీడు పరుగు, వెనక మేమంతా పరుగు. నేను, డాక్టరుగారు, ఫొటోస్టూడియో తమ్ముడు, అందరి నోటా ఒకటే కేక. ఆ మాట ఇప్పుడు నేను అనను. మొదటి అక్షరం 'ఆ'. రెండోది 'గు'. దయచేసి పైకి కలపకండి! (నవ్వులు)

పేరులేని కుక్క, పొద్దస్తమానం చెవిలో ఒకటే మాట. వాడు మాత్రం ఏమనుకుంటాడు పాపం? అదే తన పేరనుకున్నాడు. ఇంకేముంది, ఆ మాట ఎంత గట్టిగా అంటే అంత ఆనందంగా పరిగెత్తుకొచ్చి మీద పడేవాడు. ఒకాయన ముచ్చటపడి తీసుకెళ్ళాడు. మర్నాడు పాలప్యాకెట్ చేత్తో పట్టుకుని, గేటు దగ్గర స్కూటర్ వస్తోంది కదా అని వీణ్ణి ఆ మాట అన్నాడట. ఒళ్ళంతా పాలతో మా షాపుకొచ్చి, "అమ్మా, మీ కుక్కకి చెవుడు" అన్నాడు. "చెవుడు కాదు బాబూ, మరీ బాగా వినపడుతుంది" అన్నాను. అలా వెళ్ళినచోటల్లా ఇదే తంతు, మళ్ళీ మా గుమ్మంలోకే రావడం. చివరికి మావాళ్ళందరం 'నిలబడు' అనడం నేర్చుకున్నాం కానీ, వాడు పేరు మార్చుకోలేదు. ఇందాక అధ్యక్షులవారు ఆవేశంగా, "ఈ మంచిపనిని ఎవరు మాత్రం..." అంటూ ఆ మాట ఎత్తారో లేదో, వేదిక దాకా రాలేదూ! 'ఆగండి' అని మర్యాదగా అంటే మాత్రం ఉలకడు, పలకడు. మర్యాద వాడికి అలవాటు లేదు, నా దగ్గర పెరిగాడు కదా.

మా ఆయన మాట ప్రకారం నేను పేరు పెట్టలేదండీ. కేకేశాను. ఆ కేకే పేరైపోయింది. ఇంక ఎవరికీ ఇవ్వలేకపోయాను.



ఇప్పుడు ఇవ్వక తప్పదు. నేను మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడకి కుక్కబొచ్చు దగ్గరికొస్తే చాలు, ఊపిరాడదు. అందుకే చూడండి, చివరివరసలో కిటికీ పక్కన కూర్చుంది. ఒంట్లో బాగాలేని మనిషి, నన్ను రమ్మని నోరు తెరిచి అడగలేదు. అడగలేదు కాబట్టే వెళ్తున్నాను. షాపు డాక్టరుగారమ్మాయి తీసుకుంటోంది. ఆదివారం టెంటు ఆదివారం పడుతుంది, ఆ బెంగ లేదు. ఉన్న బెంగల్లా ఆ కుర్చీ కిందే ఉంది.

పక్కషాపు టైలరన్నయ్య నాతో పోట్లాడని రోజు లేదు. "నల్లప్యాంటు కుట్టిన రోజే నీ తెల్లకుక్క రావాలా? నా గుడ్డలంటే మీ ఇంటిల్లిపాదికీ కక్ష!" అనేవాడు. ఆ మనిషే మొన్నొచ్చి, కత్తెర చేతిలో తిప్పుతూ, "వాణ్ణి నాకిచ్చెయ్యమ్మా, నువ్వు లేకపోతే నేనెవరితో పోట్లాడను" అన్నాడు. అందరినీ అడిగే ప్రశ్న ఆరోజు అన్నయ్యని అడగలేదు. అప్పట్నించీ తప్పించుకు తిరుగుతున్నాను. కొత్త పేరు పెడితే వాడికే మంచిది, నాకు తెలుసు. లోపల మాత్రం పెట్టకు అన్నయ్యా, పెట్టకు అని ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను. అయినా కట్టుబాటు కట్టుబాటే.

అన్నయ్యా, ఏం పేరు పెడతావు?

(టైలర్ లేచి నిలబడి, "మళ్ళీ పేరెందుకమ్మా? ఉన్నది బానే ఉందిగా!" అని, ఆ రెండక్షరాలూ కలిపి ఒకసారి పిలిచాడు. కుక్క కుర్చీ కిందనుంచి బయటికొచ్చి వేదికవైపు చూసింది. వక్త తల తిప్పుకున్నారు. కుక్క వెళ్ళి టైలర్ మోకాలి మీద గడ్డం ఆనించింది. చప్పట్లు)

మంచినీళ్ళు ఇవ్వండి కాస్త.

సరే. అన్నయ్యా, ఈరోజు నుంచి నువ్వూ వియ్యంకుడివే. బెట్టు చెయ్యి, పడతాను. టెంటు తాళ్ళు కట్టినవాళ్ళకీ, బొచ్చు భరించినవాళ్ళకీ, నా నోరు భరించినవాళ్ళకీ, మా పిల్లల్ని కడుపులో పెట్టుకు చూసుకుంటున్న ప్రతి ఇంటికీ దండం పెడుతున్నాను.

చివరగా ఒక్కమాట, ఇది మా అక్కకి. అక్కా, చిన్నప్పట్నించీ నేను ముందు నడవడం, నువ్వు వెనకనుంచి ఆ మాట కేకెయ్యడం మనకి అలవాటే. ఇవాళ ఈ హాలు గుమ్మం దాటేదాకా నన్ను పిలవకు. నువ్వు పిలిచేది నన్నే, పరిగెత్తుకొచ్చేది మాత్రం వాడు. వాడొస్తే నేను వెళ్ళలేను.

సెలవు.