గంధకం డబ్బా, మా మరిది మొహం

ఇదిగో, ఇటు రా. ఇంకొంచెం దగ్గరికి రా, కరవనులే. ఏంటే ఆ వాసన? అగ్గిపెట్టెలో పుల్లలన్నీ ఒక్కసారే గీసి ఆర్పేసినట్టు. మొహానికేమైనా రాశావా? గంధకం మందేనా? అనుకున్నా. పొద్దున్నించీ ఇల్లంతా ఇదే కంపు. గ్యాస్ లీకవుతోందేమోనని నేను మాటిమాటికీ వంటింట్లోకి వెళ్లి పొయ్యి చూసొస్తున్నా, నువ్వేమో గదిలో తలుపేసుకుని అద్దం ముందు కూర్చున్నావు. ఎవరిచ్చారు? డాక్టరు చీటీ అక్కర్లేదా? అవున్లే, అప్పుడూ అక్కర్లేదు. అడిగితే ఇచ్చేవాళ్లు. అదే వచ్చిన చిక్కు. ఏదీ, ఆ చెయ్యి చూపించు. నీ వెండి ఉంగరం చూడు ఎంత నల్లగా అయిందో. షాపువాడు దొంగ వెండి అంటగట్టాడని వాణ్ణి తిట్టకు, వాడి తప్పేం లేదు. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక మా ఇంట్లో ఎంత రభస జరిగిందో చెప్తా, కూర్చో. కడుక్కుని వస్తావా? ఇప్పుడేగా రాశావు, ఉండనీ కాసేపు.

డబ్బా మీద ఏం రాసుందో చదివావా అసలు? పల్చగా రాసి, కాసేపుంచి కడిగేయమని ఉంటుంది. నువ్వు గోడకి సున్నం కొట్టినట్టు కొట్టావు. ముక్కు పక్కన చూడు, అప్పుడే పొట్టు లేచిపోతోంది. సబ్బు కూడా అదేనా? సబ్బూ అదే, పూతా అదే, మళ్లీ ఇంకేదో జెల్లు కూడానా? ఓరి దేవుడా. అచ్చం మీ చిన్న తాత పోలికే. చిన్న తాతంటే ఎవరేమిటే, అదిగో, గోడ మీద మీ తాత పక్కన ఉన్న ఫొటో. చిన్నప్పుడు మొటిమల తాత, మొటిమల తాత అని వేలు పెట్టి చూపించేదానివి. ఆయనే. నాకు మరిది. నేనీ ఇంటికి కోడలిగా వచ్చేసరికి వాడికి అప్పుడప్పుడే మీసం వస్తోంది, దాంతోపాటే మొటిమలూ వచ్చాయి. మీసం ఆగింది కానీ అవి ఆగలేదు.

అప్పుడు మనకి ఫొటో స్టూడియో ఉండేది, తెలుసుగా. టైలరు షాపు పక్కన మెట్లెక్కి పైకెళ్లాలి. ముందు గదిలో కుర్చీ, దాని వెనక గుడ్డ మీద గీసిన తోట, గోడకి అద్దం, దారం కట్టిన దువ్వెన. ఆ దారం ఎందుకంటే దువ్వెన్లు కూడా ఎత్తుకుపోయేవాళ్లు. అది వేరే కథ. వెనక చీకటి గది. మీ తాత ఫొటోలు తీసేవారు, కడగడం నా పని, టచింగ్ మా మరిది పని. టచింగంటే ఇప్పుడు నువ్వు ఫోన్లో వేలితో రుద్దేస్తావే, అదే. అప్పుడు ఫోన్లెక్కడివి? ఫొటో తీశాక ముందు నెగిటివ్ వస్తుంది కదా, అందులో అంతా తలకిందులు. తెల్లది నల్లగా, నల్లది తెల్లగా. మనిషి మొహం మీద మొటిమ ఉంటే నెగిటివ్‌లో చిన్న తెల్ల చుక్కలా కనపడుతుంది. ఆ చుక్కని సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మెల్లిగా నింపాలి. నింపితే ఫొటోలో మొటిమ మాయం. కిటికీ పక్కన వాలుబల్ల ముందు, భూతద్దం కంటికానించుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. అందరి మొటిమలూ వాడే తీసేవాడు. ఊళ్లో నున్నటి మొహాలన్నీ వాడు చేసినవే. వాడి మొహం మాత్రం, ఏం చెప్పను, రోజుకో కొత్త మొటిమ. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందని ఊరికే అన్నారా.

ఎవరైనా మెట్లెక్కి వస్తున్న చప్పుడైతే చాలు, వెనక గదిలోకి పారిపోయేవాడు. "వదినా, నువ్వెళ్లి చూడు" అనేవాడు. నా చేతులేమో నీళ్లలో ఉండేవి. ఎన్నిసార్లు తడి చేతులతో పరిగెత్తానో. మా అత్తగారు, అంటే వాళ్లమ్మ, పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఒకటే పాట. "గిల్లకురా. చెయ్యి తియ్యరా మొహం మీంచి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంటావురా." వాడు ఊ అనేవాడు. ఆవిడ అటు తిరగ్గానే గడ్డం కింద గిల్లేవాడు. గిల్లి గిల్లి అక్కడో గుంట చేసుకున్నాడు.

అప్పుడు తెచ్చుకున్నాడు ఈ గంధకం డబ్బా. మందుల షాపాయన మంచి మాటే చెప్పాడట, పెసరగింజంత తీసుకుని, పడుకునే ముందు ఒక్కసారి రాయమని. వీడు వింటేనా. పెసరగింజంత రాస్తే కొంచెం తగ్గింది. వెంటనే బుర్ర పనిచేసింది అయ్యగారికి. "కొంచెం రాస్తే కొంచెం తగ్గితే, బోలెడు రాస్తే బోలెడు తగ్గాలిగా వదినా." పొద్దున రాశాడు, మధ్యాహ్నం రాశాడు, పని మధ్యలో లేచి వెళ్లి రాశాడు. మొహం ఎండిన చెరువులా పగిలింది. నవ్వితే మంట, అన్నం నమిలితే మంట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఆపరా బాబూ అంటే, మంట పుడుతోందంటే మందు పనిచేస్తున్నట్టేనట. నీలాగే. నువ్వూ ఇప్పుడు అదే అనబోయావు, నోరు తెరిచి మూశావు, చూశాలే.

సరే, అసలు రభస ఇప్పుడు. ఒకరోజు బ్యాంకు మేనేజరు గారి భార్య ఫొటో పట్టుకుని విసవిసా వచ్చింది. "ఏవండీ, నా చెంప మీద ఈ మచ్చేంటి? నాకు లేని మచ్చ నాకెందుకు పెట్టారు?" నిజంగానే మచ్చ. గోధుమ రంగులో, టీ ఒలికినట్టు. ఇచ్చిన రోజు లేదట, ఇంట్లో పెట్టుకున్నాక వచ్చిందట. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. మీ తాత నా మీద పడ్డారు. "నువ్వు సరిగ్గా కడగట్లేదు. నీళ్లు మార్చట్లేదు. మనసెక్కడో పెట్టి కడుగుతున్నావు." ఫొటో సరిగ్గా కడక్కపోతే కూడా పసుపెక్కుతుందిలే, అందుకని నా మీద అనుమానం. నేను వేళ్లు ముడతలు పడేదాకా కడిగా. కడిగిందే కడిగా. మచ్చలొస్తూనే ఉన్నాయి, మాటలు పడుతూనే ఉన్నా. అన్నం తినేటప్పుడు మాట, వచ్చిన చుట్టాల ముందు మాట. మా మరిదేమో పాపం తల వంచుకుని, "పోనీలే అన్నయ్యా, వదిన చూసుకుంటుందిలే" అనేవాడు. గంధకం చేతులతో నన్ను వెనకేసుకొచ్చేవాడు.

చివరికి నాకే తట్టింది. ఫ్యాక్టరీ వాళ్లు యంత్రాల ఫొటోలు తీయించుకునేవాళ్లు. అవీ నేనే కడిగేదాన్ని, అవే నీళ్లు, అదే పళ్లెం. వాటి మీద ఒక్క మచ్చ లేదు. మచ్చలన్నీ మనుషుల ఫొటోల మీదే. మరి మనుషుల ఫొటోలకీ యంత్రాల ఫొటోలకీ తేడా ఏంటి? యంత్రాలకి మొటిమలుండవు, వాటికి టచింగ్ లేదు. ఫొటో తయారయ్యాక కూడా దుమ్ము చుక్కలుంటే బ్రష్షుతో సరిచేస్తాడు వీడు, అరచెయ్యి దాని మీద ఆనించి. తిన్నగా వెళ్లి వాడి చెయ్యి పట్టుకుని వాసన చూశా. అగ్గిపుల్ల వాసన. మీ తాత చేతికి ఆ డబ్బా ఇస్తే, ఆయన మూత తీసి వాసన చూసి నెత్తి కొట్టుకున్నారు. ఫొటోలో నల్లగా కనపడేదంతా వెండేనట. వెండికి గంధకం తగిలితే ఏమవుతుందో నీ ఉంగరాన్ని అడుగు.

"మందైనా మానెయ్, పనైనా మానెయ్" అన్నారు తమ్ముణ్ణి.  వాడు బల్ల మీద గుడ్డ కప్పేసి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదంటావా? ఇద్దరి మీదా. మందు రాసుకుని చెయ్యి కడుక్కోవడం తెలియని వీడి మీదా, నన్నన్ని మాటలని, తప్పు నాది కాదని తేలాక కనీసం పొరపాటైందని కూడా అనని మీ తాత మీదా. అనలేదే, చివరిదాకా అనలేదు. ఇప్పటికీ గోడ మీది ఆయన ఫొటో తుడిచినప్పుడల్లా అడుగుతుంటా, ఇప్పుడైనా అంటారా అని. ఆ డబ్బా తీసుకెళ్లి నా అలమరలో పెట్టి తాళం వేశా. రోజూ స్టూడియో మూసి ఇంటికొచ్చాక, నేనే పెసరగింజంత తీసి వేలి మీద పెట్టేదాన్ని. రాసుకున్నాక సబ్బుతో చేతులు కడిగించేదాన్ని, పసిపిల్లాడికి చేయించినట్టు. మళ్లీ పెట్టు వదినా అని బతిమాలేవాడు. పెట్టేదాన్ని కాదు. అలా అలా మంట పోయింది, పొట్టు పోయింది, కొత్తవి రావడం తగ్గింది. ఉన్నవి ఉన్నాయనుకో. కానీ తగ్గింది. అద్దంలో చూసుకుని వాడే ఒప్పుకున్నాడు.

అప్పుడు అడిగా. వాడి ఫొటో ఇంట్లో ఒక్కటీ ఉండేది కాదు. ఎప్పుడు ఇంట్లోవాళ్లం నిలబడ్డా, "నేను తీస్తాగా" అని కెమెరా వెనక నల్లగుడ్డలో దూరేవాడు. "నీ మూలంగా అన్ని మాటలు పడ్డాను, ఒక్క ఫొటోకి కూర్చో" అన్నా. కాదనలేకపోయాడు. మీ తాత తీశారు. బాగా కూర్చున్నాడు, కొంచెం నవ్వాడు కూడా. నెగిటివ్ కడిగి ఆరేశా. అంతే, మర్నాడు చూస్తే లేదు. ఎక్కడుందీ, వీడి బల్ల మీదే. తలుపేసుకుని ఇక అదే పని. పిలిస్తే పలకడు, అన్నానికి రాడు. మొటిమలు పూడ్చాడు, గుంటలు పూడ్చాడు, గడ్డం కింద గిల్లుకున్న మచ్చ పూడ్చాడు. అంతటితో ఆగాడా, కళ్ల కింద గీతలు పూడ్చాడు, బుగ్గ మీద సొట్ట పూడ్చాడు. సొట్ట ఏం చేసిందే పాపం, అది అందమే కదా. చివరికి ప్రింటు తీసి తెచ్చి నా చేతిలో పెట్టి, "బాగుందా వదినా?" అన్నాడు. ఉడకబెట్టి తొక్క తీసిన కోడిగుడ్డుకి కళ్లు పెట్టినట్టుంది. నా నోరు ఊరుకోదుగా. "ఎవరిదిరా ఇది?" అన్నా. వాడి మొహం మాడిపోయింది. "నాదే వదినా. మొటిమలు రాకపోతే నేనిలా ఉండేవాణ్ణి" అన్నాడు.

ఇంకోటి తీద్దాం, దాని మీద చెయ్యి పెట్టకు అన్నా. "ఇంకా తగ్గనీ వదినా. పూర్తిగా తగ్గాక నేనే కూర్చుంటా, ఒట్టు." తగ్గేలోపు జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే మనిషి మనిషిలా లేడు. పాతికేళ్లు కూడా నిండలేదు. డబ్బాలో మందు సగానికి పైగా ఉంది అప్పటికి.

పోయాక, గోడకి పెట్టడానికి ఫొటో కావాలిగా. ఉన్నది అదొక్కటే. మీ తాత దాన్నే పెద్దది చేసి ఫ్రేము కట్టించి తెచ్చారు. మా అత్తగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో పెట్టాం. చూశారు, చూశారు. "ఎవరబ్బాయి? బాగున్నాడు" అన్నారు.  "నా కొడుకు ఫొటో ఏది?" అన్నారు. ఇదేనమ్మా అన్నారు మీ తాత. "వీడు కాదు. నాకు తెలీదా నా కొడుకు? ఊరందరి మొహాలూ ఉన్నాయి మీ దగ్గర. వాడిదొక్కటీ లేదా?" అని పక్కకి తిప్పేసుకున్నారు మొహం. ఇక ఆ ఫొటో వైపు చూడలేదు. అన్నం పళ్లెం కూడా ముట్టలేదు.

నెగిటివ్ మీది పెన్సిలు గీతలు, పెయింటర్లు రంగు కడుక్కునే టర్పెంటైన్‌తో తుడిస్తే పోతాయి. అది మీ తాతకీ తెలుసు. "వాడు ఆఖరున చేసిన పని, నేను చెరపలేను" అని వరండాలోకి వెళ్లి నిలబడ్డారు. ఆయన చేయనంటే చేసేదెవరు? నేనే. ఎప్పుడూ నేనేగా. దూది తీసుకుని తుడిచేశా. అంత కష్టపడి చేసింది ఒక్క తుడుపుకి నల్లగా దూదికంటుకొచ్చింది. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. బతికున్నప్పుడే ఇంకో ఫొటోకి కూర్చుని చచ్చుంటే నాకీ ఖర్మ ఉండేదా? చీకటి గదిలోకి వెళ్లి, ఆ నెగిటివ్‌తో కొత్త కాగితానికి వెలుగు పట్టించి మందునీళ్లలో వేశా. ముందు జుట్టొచ్చింది. తర్వాత కళ్లు. తర్వాత ఒక్కొక్కటే మొటిమలు. ఎన్ని తిట్టుకున్నానే వాటిని, ఆ రోజు మాత్రం ఒక్కటైనా రాకుండా పోతుందేమోనని భయపడ్డా. అన్నీ వచ్చాయి. గడ్డం కింద గుంట వచ్చింది, బుగ్గ మీద సొట్ట వచ్చింది. వాడు చూస్తే జన్మలో నాతో మాట్లాడడు, తెలుసు. మాట్లాడొద్దు.

ఆరేదాకా కూడా ఆగలేదు, తడి కాగితమే పట్టుకెళ్లి ఆవిడ ముందు పెట్టా. కళ్లజోడు పెట్టుకున్నారు. చాలాసేపు చూశారు. చూసి, గడ్డం కింద, ఆ గుంట దగ్గర, వేలు పెట్టి, "గిల్లకురా అంటే వినడు కదా" అన్నారు.

...

ఏయ్. చెయ్యి తియ్ మొహం మీంచి.