బస్టాండు ఎదురు లాడ్జి

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు. టైలరమ్మ మిషను తొక్కుతోంది. ఆవిడ కొడుకు, లిఫ్టులు బాగుచేసేవాడు, దిగమని ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టకుండా, ఆవిడ గుడ్డ కత్తిరించుకునే బల్ల మీదే కూర్చుని ఫోన్‌లో గదులు వెతుకుతున్నాడు. అతని కూతురు, పదేళ్ళ బుడ్డి, పక్క గదిలో ఉంది.

"నల్లులున్నాయటే అమ్మా! ఎవడో ఫొటో తీసి మరీ పెట్టాడు. ఇదిగో చూడు, ఎంత బలిసిందో."

"ఉంటే ఉన్నాయి. మనమేమన్నా వాటితో వియ్యమందబోతున్నామా? ఒక్క రాత్రి."

"వాటికి ఒక్క రాత్రి చాలు. ఇది విను. 'వేడినీళ్ళు కావాలంటే, ఎందుకూ అని అడిగారు' అట."

"అడగరూ మరి?"

"పైగా పార్కుకి పన్నెండు కిలోమీటర్లు. బస్టాండుకి సరిగ్గా ఎదురు. తెల్లవార్లూ హారన్లు."

"నాకు బస్సుల చప్పుడు లేకపోతే నిద్ర పట్టదు."

"ఎప్పటినుంచి?"

"ఇవాల్టినుంచి. బల్ల దిగరా, పెళ్ళికొడుకు కోటు గుడ్డ అది. నువ్వు చేసే ముడతలతో అతను పీటల మీద కూర్చోవాలా?"

"ఇస్త్రీ పెట్టెలు ఎందుకున్నాయి? ఇదిగో, ఇదీ హోటలంటే. పార్కు గేటు పక్కనే. కిటికీ తెరిస్తే రైలు కనిపిస్తుంది."

"ఏ రైలు?"

"ఏ రైలంటావేంటి! పైకెక్కి, తలకిందులై, జనాన్ని అరిపించి దింపేది. కిందటేడు నువ్వు ఆ కాపలావాడితో యుద్ధం చేశావే, ఆ రైలు."

"యుద్ధం కాదు. మర్యాదగా అడిగాను."

"'ఆ చెక్క ఎలుగుబంటికున్న మర్యాద నీకు లేదురా' అనడం అడగడమా?"

"ఎలుగుబంటి చెయ్యి చాపి నిలబడింది, వాడు చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఉన్నమాటే అన్నాను."

"అది చెయ్యి చాపింది ఎత్తు కొలవడానికే! తల చేతికి తగిలితే రైలెక్కొచ్చు, కింద నుంచి దూరిపోతే ఇంటికెళ్ళొచ్చు. నూట నలభై సెంటీమీటర్లు. చిన్నపిల్ల, బుడ్డి తల తగిలింది. నీ తల తగల్లేదు. వాడేం చేస్తాడు?"

"అరవై ఆరేళ్ళ మనిషిని. నలభై ఏళ్ళు మిషను మీద వంగి కుడితే నువ్వూ కుంగుతావు."

"కుంగితే కుంగావు, 'నానమ్మ లేకుండా నేనెక్కను' అని అదీ బైఠాయించింది. ఇక దాని బావలిద్దరూ, ఆ వెధవలు, ఏడాదిగా ఫోన్ చేసినప్పుడల్లా పిరికిపంద, పిరికిపంద అని దాన్ని ఏడిపిస్తున్నారు. ఎవరివల్ల?"

"నావల్లే."

"కదా! అందుకే ఈసారి తేల్చేస్తాను. నువ్వెక్కాలి, అదెక్కాలి, ఆ ఫొటో వాళ్ళ మొహాన కొట్టాలి."

"నేనెందుకు? నువ్వెక్కచ్చుగా దాంతో?"

"నేనా?"

"నువ్వే. ఆరడుగులున్నావు. ఎలుగుబంటి నీకు సలాం కొడుతుంది."

"బ్యాగులెవరు పట్టుకుంటారు?"

"నీ పెళ్ళాం."

"తను ఫొటోలు తియ్యాలి."

"సరే, నేను పట్టుకుంటాను."

"అబ్బ, అది కాదే, బుడ్డి నీతోనే ఎక్కుతానంటోంది కదా! నాకేంటి, భయమా? ముప్పయ్యో అంతస్తులో, లిఫ్టు కప్పు మీద కూర్చుని డబ్బా విప్పుకుని తినేవాణ్ణి. కింద చూస్తే కటిక చీకటి. ముద్ద కూడా తడబడదు."

"తెలుసు. వచ్చినవాళ్ళందరికీ చెబుతావుగా."

"ఆ మాటకొస్తే నాకు రాసిపెట్టి లేదు గానీ, చిన్నప్పుడే జెయింట్ వీల్ ఎక్కి కూర్చునేవాణ్ణి. ఎవరి పుణ్యం? నీ పుణ్యమే. తొమ్మిదేళ్ళవాణ్ణి అంతదూరం తీసుకెళ్ళి, ఊరవతల ఏదో సత్రంలాంటి దాంట్లో దింపి, మధ్యాహ్నానికి ఈడ్చుకుపోయి, టికెట్లు అయిపోయాయిరా అన్నావు. ఇప్పటికీ నా గుండెలో ముల్లు అది."

"ముప్పై ఏళ్ళయింది. ఇంకా అరగలేదూ ఆ ముల్లు?"

"అరగదు. గేటు పక్కన దిగుంటే పొద్దున్నే..."

"గేటు పక్కన కాదు, గేటు మీద దిగినా ఒకటే. ఆ రోజు తెల్లారినప్పటి నుంచీ వాన. మోకాలి లోతు బురద. నరమానవుడు లేడు. నీ చెప్పొకటి కూరుకుపోతే ఆ వానలో వంగి వెతికాను. అది గుర్తుండదు, టికెట్లు మాత్రం గుర్తుంటాయి."

"చెప్పు దొరికిందిగా. జెయింట్ వీల్ దొరకలేదు."

"మాటకి మాట! ఆ చురుకు చదువులో ఉంటే బాగుపడేవాడివి."

"సరే, ఇప్పుడు విను. అసలు గేటు పక్కదే ఎందుకు కావాలో చెబుతా. మనిషి పొద్దున లేవగానే పొడుగు, సాయంత్రానికి పొట్టి. సెంటీమీటరు తేడా."

"ఎవడు చెప్పాడు?"

"నువ్వే! 'పొద్దున కొలతలిస్తే ప్యాంటు పొడుగొస్తుంది, సాయంత్రం రండి' అని జనాన్ని తిప్పి పంపేది ఎవరు?"

"అది పొద్దున నాకు పనుండి చెబుతాను."

"నమ్మను. నా లెక్క ఇదీ. గేటు పక్క గదిలో దిగుతాం. నువ్వు పొద్దున లేవకూడదు. కాఫీ పడుకునే. తొమ్మిదిన్నరకి గేటు తీస్తారు. చక్రాల బండి ఒకటి మాట్లాడతా, దాని మీద పడుకోబెట్టి తిన్నగా ఎలుగుబంటి దాకా తోసుకెళ్ళి, అక్కడ టక్కున నిలబెడతా. అప్పటిదాకా వెన్ను మీద బరువే పడదు!"

"నన్ను చాపలా చుట్టుకెళ్ళి అక్కడ పరుస్తావా? చూసినవాళ్ళు పోయిందనుకుంటారు."

"అనుకోనీ. లేచి రైలెక్కితే ఇంకా చప్పట్లు కొడతారు."

"కన్నతల్లితో మాట్లాడే మాటలేనా అవి? అయినా అంత తతంగం అక్కర్లేదు. ఇవాళ పొద్దున, మంచం దిగిన పాటున కొలుచుకున్నాను. నూట ముప్పై తొమ్మిది. పొద్దునే అంతైతే ఇక నీ గేటు పక్క గది దేనికి? బస్టాండు ఎదురుదే తీసుకో."

"ఎవరు కొలిచారు?"

"నేనే. టేపుతో."

"తన ఎత్తు తనే కొలుచుకునే మొనగత్తెవి నువ్వొక్కదానివే. లే. నా ఇనప టేపుతో కొలుస్తా."

"పనుంది నాకు."

"పెళ్ళికొడుకు పారిపోడు, లే. ఇలా, తలుపుకి ఆనుకో. మడమలు ఆనించు. గడ్డం ఎత్తకు."

"గడ్డం నా ఇష్టం."

"మోకాళ్ళు నిటారుగా పెట్టు."

"పెట్టాను."

"పెట్టలేదు. కుచ్చిళ్ళు ముందుకొచ్చాయి."

"గాలికి."

"తలుపులు మూసున్నాయే తల్లీ, గాలెక్కడిది? పెట్టు నిటారుగా. ఆఁ! అలాగే ఉండు. నూట నలభై... ఒకటి. అమ్మా! నూట నలభై ఒకటి! సాయంత్రం నాలుగింటికి! కుంగిన తర్వాత!"

"నీ టేపు తప్పు."

"ఈ టేపుతో లిఫ్టులు బిగిస్తాను, తప్పైతే జనం గోడల్లోకి వెళ్తారు. నీదేది? ఇటు తే. రెండూ పక్కపక్కన పెడదాం. చూడు, చూడు! నా టేపులో నూట నలభై రెండు దగ్గర నీది నూట నలభై చూపిస్తోంది. సాగిపోయింది! వాడివాడి రబ్బరులా సాగింది!"

"అవునా? చూసుకోలేదు."

"చూసుకోలేదా? ఈ పసుపు టేపు నాకు తెలుసు. పోయిన నెల బ్యాంకు మేనేజరుని దీంతో కొలిచి, కొత్త టేపుతో గుడ్డ కత్తిరించావు. చొక్కా బొత్తాలు పట్టలేదని ఆయన పొట్ట బిగబట్టుకుని ఇక్కడే నిలబడ్డాడు. 'పాడు టేపు సాగి చచ్చింది' అని నువ్వే దీన్ని బుట్టలో పడేశావు."

"పడేశానా?"

"నా కళ్ళ ముందు. మళ్ళీ ఏరుకున్నావన్నమాట. ఎందుకు? సాగిన టేపుతో కొలిస్తే తక్కువొస్తుందని! ఉండు, ఉండు. కిందటేడు ఎలుగుబంటి దగ్గర కూడా ఇలాగే మోకాళ్ళు వంచావా?"

"బల్ల మీద కత్తెరుంది, చూసి కూర్చో."

"మాట తప్పించకు! వంచావు! వంచి, మళ్ళీ వాణ్ణే తిట్టావు! అమ్మో, అమ్మో. ఊళ్ళో అందర్నీ కొలిచే మనిషివి, నీకు భయమా?"

"భయమే."

"ఆఁ?"

"భయమేరా. ఒప్పుకుంటున్నాగా. చాలా? ఇక బస్టాండు ఎదురు లాడ్జి తీసుకుని ఊరుకో."

"ఊరుకోవడమా? ఏడాదిపాటు మా అమ్మ పొడుగు లేదని నేను బాధపడితే! బుడ్డీ! ఇలా రావే!"

"పిలవకురా."

"నీకో మంచి కబురే, బుడ్డీ!"

"పిలవకురా అంటూంటే!"

"ఏంటి నాన్నా?"

"రా, రా. నానమ్మ బండారం బయటపడింది."

"హోటల్ తీసుకున్నావా? గేటు పక్కదా?"

"ఇంకా లేదు. ఎందుకే?"

"ఊరికే. గేటు పక్కదైతే మొదటి రైలే ఎక్కాలా?"

"మొదటి రైలే! ముందు సీటు!"

"ఓహో. ముందు సీటా. మరి... నానమ్మ పెరగలేదుగా?"

"అదే చెప్పబోతున్నా. మీ నానమ్మ..."

"నూట ముప్పై తొమ్మిది, తల్లీ. మీ నాన్న ఇనప టేపుతో కొలిచాడు."

"అమ్మా, నువ్వు..."

"నూట ముప్పై తొమ్మిది అన్నాను."

"నిజంగానా నానమ్మా? హమ్మయ్య! అంటే, అయ్యో. అయ్యో పాపం. నేనైతే ఎక్కేసేదాన్ని తెలుసా? చేతులు రెండూ పైకెత్తి మరీ ఎక్కేసేదాన్ని."

"తెలుసు తల్లీ. నా పొట్టితనమే నీ కొంప ముంచింది."

"పర్లేదు, నువ్వేం బాధపడకు. నీకు తోడు నేను కిందే ఉంటాగా. బావలకి ఫోన్ చేసి చెప్పేస్తా, నానమ్మ ఇంకా పెరగలేదూ, అందుకే ఈ ఏడు కూడా ఎక్కట్లేదూ అని. అమ్మ ఫోన్ తీసుకోనా? మరి నాన్నా, ఏదో మంచి కబురన్నావు?"

"అదా. ఏం లేదు. ఇదే. వెళ్ళు."

"ఇదేం మంచి కబురు నాన్నా, పాపం నానమ్మ!"

"వెళ్ళవే."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. గెంతుకుంటూ వెళ్ళింది."

"ఈ వారంలో దాన్ని అలా చూశావా?"

"లేదు. ఈ నెల్లోనే చూళ్ళేదు. అమ్మా, దానికి భయమా?"

"కిందటేడు దాని తల ఎలుగుబంటి చేతికి తగిలింది చూడు, మీరంతా చప్పట్లు కొట్టారు. నువ్వైతే ఈల కూడా వేశావు. అది నోటితో భలే భలే అంటూ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయిరా. అప్పుడు వంచాను మోకాళ్ళు."

"నాకో మాట చెప్పచ్చుగా?"

"చెబితే? ముప్పయ్యో అంతస్తులో ముద్ద తడబడదు, నా కూతురికి భయమేంటి అని డప్పు కొట్టి ఎక్కించేవాడివి."

"కొట్టేవాణ్ణే. మరి నీకు భయం లేదా?"

"నాకా? ఆ రైలెక్కాలని ప్రాణం కొట్టుకుపోతోంది. దానికి ధైర్యం వచ్చిన రోజున నేనూ మోకాళ్ళు నిటారుగా పెడతాను. అప్పటికి నిజంగానే కుంగిపోకుండా ఉంటే."

"అందుకా ఈ నల్లుల కొంప?"

"పన్నెండు కిలోమీటర్లు, రెండు బస్సులు మారాలి. చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది, వరస చాంతాడంత ఉంటుంది. సాయంత్రానికి మనిషి కుంగుతాడని నువ్వే అంటివి. నన్ను ఎవడూ అనుమానించడు, దాన్ని ఎవడూ ఏడిపించడు. నన్ను ఏడిపించమను, చూద్దాం."

"ఊఁ."

"ఊఁ కొట్టడం కాదు, ఫోన్ చెయ్యి. మళ్ళీ బల్లెక్కావా!"

"ఉండవే. ఇందాక ఏమన్నావు? జెయింట్ వీల్ నాడు ఒకటే వానన్నావు."

"అన్నాను."

"నరమానవుడు లేడన్నావు."

"దుప్పట్లు మనమే తెచ్చుకుంటామని చెప్పు వాళ్ళకి."

"అమ్మా. నరమానవుడు లేకపోతే టికెట్లు ఎలా అయిపోయాయే?"

"బుడ్డి పట్టు ఏపాటిదిరా? ఆ రోజు జెయింట్ వీల్ కింద నువ్వు నా చెయ్యి పట్టిన పట్టుకి నాలుగు రోజులు కత్తెర ముట్టుకోలేకపోయాను."