అట్ట కిందికి పోవలసిన అంచు

నా పేరు కాగితం పైభాగంలో రాసుకున్నారు. బజారులో ఆ పేరు ఎవరికీ తెలియదు, అద్దాల తాత అంటేనే దారి చూపిస్తారు. వయసు అరవై తొమ్మిది. వృత్తి, ఫోటోలకు ఫ్రేములు కట్టడం. చదువు ఐదో తరగతి. నన్నెవరూ పిలిపించలేదు. ఈరోజు ఉదయం పదింటికి నా అంతట నేనే స్టేషనుకు వచ్చి ఆఫీసరమ్మ గారి ఎదుట కూర్చుని చెబుతున్నాను. సంచిలో ఒక ఫ్రేము తెచ్చాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

గుహలాంటి ఆ రాతి గూడులోని పాత బొమ్మల చోటు బయటపెట్టింది నేను. మా అమ్మాయి కాదు. ముందు ఈ ముక్క రాసుకోండి, తర్వాత నేనెంత సాగదీసినా ఫరవాలేదు. ఆ చోటు ఎవరికీ చెప్పనని పురావస్తు శాఖవారికి సంతకం పెట్టి మా అమ్మాయి లోపలికి వెళ్ళింది. కేసు నిలబడితే తనకు శిక్ష పడుతుంది, ఇక జన్మలో ఏ పాత గోడ దగ్గరికీ కెమెరాతో పోనివ్వరు.

మా అమ్మాయి ఫోటోగ్రాఫరు. పెళ్ళిళ్ళు తీయదు. గుహలు, గోడలు, రాళ్ళు తీస్తుంది. "మనుషులైతే నవ్వమంటే నవ్వుతారు, రాళ్ళేం చేస్తాయే" అని మొదట్లో నేను వెక్కిరించాను. అప్పటినుంచి తన బొమ్మలు నా దుకాణానికి తేవడం మానేసింది. పక్కవీధిలో కట్టించుకునేది. తండ్రి ఫ్రేములు కట్టేవాడై ఉండగా కూతురు పక్కవీధికి పోతే ఎలా ఉంటుందో ఆఫీసరమ్మ గారు ఆలోచించుకోవాలి.

ఈ ఎండాకాలం మొదట్లో ఒక సోమవారం మధ్యాహ్నం, అట్టగొట్టంలో చుట్టిన ఫోటో పట్టుకుని మా దుకాణం మెట్లెక్కింది. పెద్ద పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. "నాన్నా, ఇది నువ్వే కట్టాలి" అంది. నాకు కాళ్ళు భూమ్మీద ఆగలేదమ్మా! అద్దం కోసే కత్తి చేతిలోనే పెట్టుకుని దుకాణమంతా వెతికాను. "నీ చేతిలో ఉంది నాన్నా" అని నా తల్లే చూపించింది.

ఫోటోలో ఆ గూడు లోపలి రాతి గోడ. గోడ మీద ఎర్రటి అరచేతుల ముద్రలు. ఎన్ని వేల ఏళ్ళ కిందటి మనుషులో రంగులో చేతులు ముంచి అద్దారట. పెద్ద చేతుల నడుమ ఒక చిన్న చెయ్యి ఉంది, పసిపిల్లది. అంత ఎత్తులో ఉందంటే ఎవరో ఎత్తుకుని వేయించి ఉండాలి.

"వాళ్ళ నాన్నే ఎత్తుకునుంటాడు" అన్నాను.

"అమ్మ కావచ్చుగా."

"కాదు, నాన్నే."

"సరే, నీ ఇష్టం" అని నవ్వింది. ఎన్నేళ్ళకు నవ్వుకున్నామో.

అప్పుడు ఒక మాట చెప్పింది. ఫోటో చుట్టూ లోపలివైపు ఒక మందపాటి అట్ట పెడతాం, మౌంటు అంటాం. ఫోటో వెనక పెన్సిలుతో గీత గీసి, "ఎడమవైపు ఇక్కడిదాకా అట్ట కిందికి పోవాలి నాన్నా" అంది. ఆ ఎడమ అంచున ఆకాశం ఉంది. ఆకాశం కింద దూరంగా ఒక గుర్తు ఉంది. అదేమిటో చెప్పను. ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళెవరైనా ఇట్టే పోల్చుకుంటారు.

"కత్తిరించేసి తేవచ్చుగా?" అన్నాను.

"పోటీకి కత్తిరించే పంపాను. ఇది మనింటికి. నీ దగ్గర మొత్తం ఉండాలి, కనబడకపోతే చాలు. ఇంటికొచ్చేవాళ్ళతో నువ్వు ఊరుకోవుగా! నీ నోటికి కూడా ఒక ఫ్రేము కట్టుకో" అంది. ఆ సాయంత్రమే పని మీద రెండు వారాలకు వేరే ఊరు వెళ్ళింది.

నేను గీత ప్రకారం కట్టలేదు.

మా పనిలో బొమ్మ మీదికి అట్ట ఎక్కిందంటే చేతకానివాడని అర్థం. ఎవరి తాతగారి చెవిని కూడా నేను అట్ట కింద పెట్టినవాణ్ణి కాను. నా కూతురి ఆకాశాన్ని పెడతానా? ఆ సాయంకాలపు వెలుగు, ఆ ఎరుపు, అది చూస్తే మీరూ పెట్టరమ్మా. అంచు మొత్తం కనబడేలా, నా చేతిలో ఉన్న పనితనమంతా పోసి కట్టాను. కట్టి ఇంటికి తీసుకుపోవలసింది. దుకాణం ముందు అద్దాల బీరువాలో పెట్టాను. కింద ఒక అట్టముక్క మీద "మా అమ్మాయి తీసినది, మొదటి బహుమతి" అని రాసి పెట్టాను.

పక్క దుకాణం గడియారాలాయన వచ్చి చూసి, "రాళ్ళకి కూడా బహుమతులిస్తారా తాతా? మా ఆవిడ నన్ను తీసిన ఫోటో పంపిస్తాను, నేనూ ఇలాగే ఉంటాను" అన్నాడు. ఆ రోజు నాకు ప్రతి మాటా పొగడ్తలాగే వినబడింది.

ఆ వారంలోనే, శుక్రవారం, ఊళ్ళు తిరిగి వీడియోలు పెట్టే ఒకాయన సెల్‌ఫోను అద్దం వేయించుకోవడానికి బజారుకొచ్చి మా బీరువా ముందు ఆగాడు. చాలాసేపు ఆగాడు. ఎడమ అంచు మీద వేలు పెట్టి, "ఇది ఫలానాదే కదా పెద్దాయనా?" అన్నాడు.

"భలే పట్టారే!" అన్నాను. కుర్చీ వేశాను. టీ తెప్పించాను.

"అంటే వెనకవైపు గుట్ట మీంచి తీశారన్నమాట."

తలూపాను. సంబరంగా ఊపాను.

"మీ అమ్మాయి చోటు చెప్పలేదట, పేపర్లో చదివాను. ఇదేం న్యాయం? ఇవి అందరి సొత్తు. దాచిపెడితే ఎవరికి లాభం?"

"నిజమే" అన్నాను. నిజమేననిపించింది. అందులో కొంత ఇప్పటికీ నిజమే. నలుగురూ చూడకపోతే నా కూతురు తీయడమెందుకు? ఇందాక ఈ కాగితం రాసే ఆయన కూడా, "అసలు ఫోటోయే తీయకపోతే పోయేది కదా" అన్నారు. మనింటి పసిపిల్ల ఫోటో వచ్చినవాళ్ళందరికీ చూపిస్తామయ్యా. అలాగని ఇంటి తాళంచెవి చేతిలో పెట్టం కదా. నేను పెట్టాను.

ఆదివారానికి వీడియో వచ్చింది. లక్షలమంది చూశారని నాకు చూపించినవాళ్ళే చెప్పారు. అందులో మా అమ్మాయి పేరు కూడా చెప్పాడని నేను ఆనందపడ్డాను. ఇది కూడా రాయండి. ఆనందపడ్డాను.

మా అమ్మాయి తిరిగొచ్చిన రోజున నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. దారి పొడుగునా బండ్లు ఆగి ఉన్నాయి. గూడు లోపల నేలంతా తడి. రంగు ఫోటోలో బాగా కనబడాలని వచ్చినవాళ్ళు సీసాలతో నీళ్ళు కొట్టారు. కొందరు చేత్తో రుద్దారు. తమ అరచేతులు ఆ చేతుల మీద ఆనించి ఫోటోలు తీయించుకున్నారు. ఒకడు బొగ్గుతో తన పేరూ ఎవతెదో పేరూ రాశాడు. చిన్న చెయ్యి ఉన్నచోట ఎర్రటి నీటి చార ఒకటి కిందికి జారి ఆరిపోయి ఉంది. అంతే ఉంది.

నేల మీద నీలం రంగు సీసా మూతలు. మా అమ్మాయి ఒక్కొక్కటే ఏరి కెమెరా సంచిలో వేసుకుంది. నేనూ ఏరాను. మూతలు ఏరుతూనే అడిగింది.

"అంచు కనబడేలా కట్టావా నాన్నా?"

"ఊఁ."

"బాగా కట్టావా?"

"బాగానే కట్టాను."

"సరే" అంది. ఇంకో మూత ఏరింది. తిట్టినా బాగుండేది.

నీళ్ళు కొట్టినవాళ్ళలో ఒక్కడి మీదా కేసు లేదు. వీడియో ఆయన మొదటి వీడియో తీసేసి, "అయ్యో ఎంత ఘోరం" అని ఇంకొకటి పెట్టాడు. దాన్ని మొదటిదానికన్నా ఎక్కువమంది చూశారట. కేసు నా కూతురి మీద. చోటు బయటపెట్టింది తనేనని మీ దగ్గర ఒప్పుకుందని నిన్న సాయంత్రం గడియారాలాయన చెబితే తెలిసింది. ఈసారి ఆయన హాస్యమాడలేదు.

ఇందాక మా అమ్మాయి ఈ స్టేషను వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటే అడిగాను. "నేను చేసినదాన్ని నీ నెత్తినెందుకు వేసుకున్నావే?"

"ఈ వయసులో నిన్ను స్టేషన్ల చుట్టూ తిప్పమంటావా?"

"తిరిగితే తిరుగుతాను. మోకాళ్ళు నావి, నీవి కాదుగా."

నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. అటూ ఇటూ చూసి, వంగి, నా చెవిలో ఒక మాట చెప్పింది.

అక్కడ పాడవకుండా మిగిలినవి ఇంకేమైనా ఉన్నాయా, మీ అమ్మాయికి తెలుసా, మీకు తెలుసా అని ఆఫీసరమ్మ గారు ఇప్పుడు మూడుసార్లు అడిగారు. మీరు మంచివారే. కానీ ఈ కాగితం రాసే ఆయన చూస్తారు, వకీళ్ళు చూస్తారు, పేపరువాళ్ళు చూస్తారు. ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. దానికేదైనా శిక్ష ఉంటే వేయండి. ఈ బజారులో నేను దాచుకున్న మాట ఇంతవరకు ఒక్కటీ లేదు, కావాలంటే గడియారాలాయన్ని పిలిచి అడగండి. ఇంత జరిగాక కూడా నా కూతురు నా చెవినే నమ్మింది. నాకు కాళ్ళు భూమ్మీద ఆగడం లేదమ్మా. అయినా చెప్పను.

సాక్ష్యానికి ఫ్రేము అప్పగిస్తున్నాను. రాత్రి విప్పి మళ్ళీ కట్టాను. ఎడమవైపు పెన్సిలు గీత దాకా అట్ట కిందికి పోయింది. విప్పి చూసే అధికారం మీకుంది. విప్పకుండా చూడమని నా మనవి.

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది, ఎవరూ నన్ను బెదిరించి చెప్పించలేదు. తప్పు నాదని చెప్పినది నిజం, నా కూతురిది కాదని చెప్పినది నిజం. చెప్పనిది నా దగ్గరే ఉంటుంది.

(సంతకం)
అద్దాల తాత