ఈథర్ సీసాకు అడ్డు నిలిచిన మా మూత మేడమ్

1992 జులై ఆరవ తేదీన జూనియర్ రసాయన విశ్లేషకురాలిగా మా ప్రయోగశాలలో అడుగుపెట్టిన మా ప్రియతమ సహోద్యోగిని, నేడు రసాయన భద్రతాధికారిగా పదవీ విరమణ చేస్తున్న ఈ శుభవేళ, వారిని గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నాలుగు మాటలా! పేజీలు చాలకపోతే సంపాదకులు నన్ను అనకూడదు!

ఆ రోజుల్లో మా గిడ్డంగిలో సీసాలన్నీ అక్షరక్రమంలో చూడముచ్చటగా కొలువుదీరి ఉండేవి. ఘాటైన ఆమ్లం పక్కనే మండే ద్రావకం ఉన్నా మాకెవరికీ చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. వారు వచ్చీరాగానే ఆ అందాన్నంతా చెదరగొట్టి, పరస్పర విరుద్ధ స్వభావం గల రసాయనాలను వేర్వేరు అల్మారాలకు తరలించారు. "వీళ్లిద్దరికీ పడదండీ, పక్కపక్కన పెడితే కొంప అంటుకుంటుంది" అని తోడికోడళ్ల తగువు చెప్పినట్టు చెప్పేవారు.

"మూత పెట్టారా?" అని రోజంతా అడుగుతూ ఉండటం వల్ల వారికి 'మూత మేడమ్' అనే బిరుదు స్థిరపడింది. వారి శ్రీవారు ఓసారి మాతో వాపోయారు: "మా ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా తెరిచిన తేదీ ఉంటుందండీ. చీటీ అతికించంది నాకొక్కడికే!"

భద్రతాధికారిగా పదోన్నతి పొందిన ఏడాదే అసలు పరీక్ష ఎదురైంది. నిధులిచ్చే అతిథులు వస్తున్న ఉదయం, అల్మారా వెనకమూల ఓ పాత ఈథర్ సీసా బయటపడింది. దాని మూత చుట్టూ తెల్లని పలుకులు! ఏళ్ల తరబడి నిలవున్న ఈథర్‌లో పేరుకునే ఆ పలుకులు, మూత తిప్పిన రాపిడికే పేలిపోగలవు.

"సీసాయే కదమ్మా, తీసి అవతల పెట్టించండి. కార్లు గేటు దాకా వచ్చేశాయి" అన్నారు అప్పటి డైరెక్టరు గారు. ఒక యువ విశ్లేషకుడు చేయి చాచనే చాచాడు.

"చెయ్యి తియ్యి తమ్ముడూ! అందరూ బయటికి నడవండి!" అన్నారు మేడమ్.

డైరెక్టరు గారికి కోపం నషాళానికంటింది. "అతిథులు వెనక్కి వెళ్లారో, రేపట్నుంచి మీరు రానక్కర్లేదు."

అప్పటికి మేడమ్ గారి శ్రీవారికి ఉద్యోగం పోయి ఉంది, ఇల్లంతా ఈ జీతం మీదే నడుస్తోంది. అయినా మేడమ్ తొణకలేదు. "నేను రాకపోతే పోనీండి సార్. ఇవాళ మాత్రం వీళ్లంతా ఇళ్లకు వెళ్లాలి" అని గదికి తాళం వేసి, బాంబు నిర్వీర్య దళాన్ని పిలిపించారు.

అతిథులు ఎండలో నిలబడ్డారు. దళంవారు ఆ సీసాను జాగ్రత్తగా తీసుకెళ్లి, వెనక ఖాళీ స్థలంలో ఇసుక గుంతలో పేల్చారు. అబ్బబ్బ, ఏం చప్పుడది! కిటికీలన్నీ గజగజలాడాయి, మా గుండెలు సరేసరి! పాలిపోయిన ముఖంతో డైరెక్టరు గారు మేడమ్ దగ్గరకు వచ్చి, "అమ్మా, రేపు కాస్త పెందలాడే రండి. మిగతా గదులు కూడా చూద్దాం" అన్నారు. మేం కేకలు వేశాం, ఈలలు కూడా వేశాం!

ఆనాడు చేయి చాచిన ఆ విశ్లేషకుడే నేడు మా విభాగాధిపతి. ఈ సంచిక ముఖచిత్రంగా ఉన్న మేడమ్ గారి బొమ్మ ఆయన గీసిందే, ఆ చేత్తోనే. ఆ చేతితో పాటు, చెక్కుచెదరకుండా ఉన్న మా అందరి చేతులూ జోడించి, వారు సంపూర్ణారోగ్యంతో, శ్రీవారి మీద ఇదే అజమాయిషీతో, నిండు నూరేళ్లు నవ్వుతూ ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.