సున్నాను నమ్మని శివరాములు గారు

శ్రీ శివరాములు గారు 1991 ఆగస్టు 12వ తేదీ, సోమవారం ఉదయం గణాంక శాఖలో క్షేత్ర పరిశీలకులుగా ఉద్యోగంలో చేరారు. నేత కుటుంబంలో జన్మించి, మరమగ్గాల చప్పుడు నడుమ డిగ్రీ పూర్తి చేసిన ఆ యువకునికి శాఖ అప్పగించిన బాధ్యత వినడానికి చాలా సులభమైనది: ఇంటింటికీ వెళ్లి, మీకు పని ఉందా అని అడగడం. ఆ ప్రశ్న ఎంత బరువైనదో, ఎదుటి మనిషి ముఖంలో అది ఏయే తలుపులు మూయగలదో ఆయన తొలి నెలల్లోనే గ్రహించారు.

మొదటి సర్వే ఒక నేత పట్టణంలో పడింది. గత ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా ఆ మనిషిని ఉపాధి ఉన్నవాడిగానే లెక్కించాలన్నది ఈ సర్వేల నిబంధన. నూలు రాక మగ్గాలు ఆగిపోయిన ఒక వీధిలో, చీకటి గదిలో కూర్చున్న వృద్ధుడిని ఆయన ఆ ప్రశ్న అడిగారు.

"నేసిన బిడ్డా, జరసేపు. బట్ట కోసం కాదు. చెయ్యి ఊర్కుంటలేదు."

"గంట అయితదా తాతా?"

"అయితది. అయితే నాకు పని ఉన్నట్టేనా?"

"కాగితంల ఉన్నట్టే."

వృద్ధుడు నవ్వాడు. నోరు తెరుచుకుంది, భుజాలు కదిలాయి, కానీ శబ్దం రాలేదు. ఎదురుగా ఆగి ఉన్న మగ్గం వైపు చూస్తూ వృద్ధుడు అలా చాలాసేపు నవ్వాడనీ, తాను బయటికి వచ్చాక కూడా ఆ నవ్వు ఆగిందో లేదో తెలియదనీ శివరాములు గారు ఎన్నో ఏళ్ల తరువాత గానీ ఎవరికీ చెప్పలేదు.

2004లో పర్యవేక్షకులుగా పదోన్నతి పొంది వారు హైదరాబాద్ చేరారు. సనత్‌నగర్ పారిశ్రామికవాడ, యూసుఫ్‌గూడ అద్దె గదులు, ఆ తరువాత నాలుగైదు జిల్లాలు వారి పర్యవేక్షణలోకి వచ్చాయి. సనత్‌నగర్‌లో మూతపడిన ఒక వర్క్‌షాపు గేటు ముందు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని ప్రతి ఉదయం వచ్చి నిలబడి, సైరన్ మోగవలసిన వేళ దాటాక ఒకరితో ఒకరు మాట్లాడకుండా వెళ్లిపోయే కార్మికులను ఆయన చూశారు. నిరుద్యోగ రేటును చదవడం కొత్తవారికి నేర్పేటప్పుడు ఆయన మొదట చెప్పే మాట కూడా ఇలాంటి చోట్లనుంచే వచ్చింది. రేటు తక్కువగా ఉన్న జిల్లాలో పనులు దండిగా ఉన్నాయని అనుకోకూడదు. ఖాళీగా కూర్చునే స్తోమత లేనిచోట నిరుద్యోగి కంటికి కనబడడు, దొరికిన కూలికి పోతాడు. రేటు ఎక్కువగా ఉన్నచోట అన్నీ మూతపడ్డాయనీ అనుకోకూడదు. చదువుకున్న పిల్లలు తగిన పని కోసం ఆగుతున్నారేమో చూడాలి. రెండు ఊళ్ల అంకెలు ఒకటే అయినంత మాత్రాన రెండు ఊళ్లూ ఒకటి కావు.

వారి సహధర్మచారిణి శ్రీమతి కాంతవ్వ గారు ఈ వృత్తినిష్ఠను ఒక్క వాక్యంలో సమీక్షించారు: "ఊరందరిని నౌకరి ఉన్నదా అని అడుగుతడు, ఇంట్ల ఉప్పు ఉన్నదా అని ఒక్కనాడు అడగడు."

శివరాములు గారి వ్యక్తిత్వాన్ని తెలిపే సంఘటన రెండేళ్ల క్రితం జరిగింది. ఉద్యోగ శిక్షణ కేంద్రాలతో నిండిన అమీర్‌పేటను ఆనుకుని ఉన్న మధురానగర్‌లోని ఒక బ్లాకు నుంచి వచ్చిన వివరాలను పంజగుట్ట కార్యాలయంలో తనిఖీ చేస్తూ ఆయన ఒకచోట ఆగిపోయారు. ఎంపికైన ఇళ్లలో ఒక పురుషుల హాస్టల్ ఉంది. హాస్టల్లో ఒక్కో మనిషినీ ఒక్కో కుటుంబంగా లెక్కించి, లాటరీలో వచ్చిన కొద్దిమందినే ప్రశ్నించాలి. ఆ కొద్దిమందికీ ఉద్యోగాలున్నాయి. నిరుద్యోగం సున్నా. అది ఒక్కటే కాదు ఆయనను ఆపింది. అందరి జవాబులూ ఒకటే. ప్రైవేటు కంపెనీ, వారమంతా పని, పొద్దున తొమ్మిదిన్నర, సాయంత్రం ఆరు. ఒకే మనిషి వేరువేరు పేర్లు తొడుక్కుని వరుసగా వచ్చి కూర్చున్నట్టుగా ఉంది.

వివరాలు సేకరించిన పరిశీలకురాలు కుమారి అనితను పిలిచి అడిగారు.

"అందరు డ్యూటీకి పోయిన టైంల పోయిన సార్. హాస్టల్ ఆంటీయే అందరిది చెప్పింది. ఆంటీ చెప్తే అయిపాయె అనుకున్న."

"ఆమెకు తెల్వక చెప్పిందో, తెలిసే చెప్పిందో చూద్దాం పా."

సర్వేలు చేసేవారు మాత్రమే చేయగల పొరపాటిది. తలుపు తీసినవారి మాటను లోపలున్నవారి మాటగా రాసుకోవడం. అధికారి శ్రీ అచ్యుతరావు గారు మాత్రం ఆశ్చర్యపోయారు.

"సున్నా వస్తే సంతోషించాలి గానీ, నిరుద్యోగుల్ని వెతుక్కుంటూ వెళ్తారేంటండీ శివరాములు గారూ?"

"అమీర్‌పేటల సున్నా అంటే భయమైతుంది సార్."

హాస్టల్ యజమానురాలు దుర్గాంబ గారు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారు. గేటు మీద 'ఉద్యోగస్తులకు మాత్రమే' అని పెద్ద అక్షరాల బోర్డు. "మాది మర్యాదైన హాస్టలండీ. పనీపాటా లేనివాళ్లకి మంచం ఇవ్వను. ఖాళీగా ఉన్నవాడు గదిలో పడుకుని గోడలు పాడుచేస్తాడు" అని ఆమె మెట్ల దగ్గరే తేల్చిచెప్పారు. ఎంపికైన వారిలో ఆ రోజు ఆలస్యంగా బయలుదేరుతున్న ఒకే ఒక్కడు దొరికాడు. పేరు ప్రమోద్. ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు. కార్డు ముఖం లోపలివైపు తిరిగి ఉంది.

దుర్గాంబ గారు వింటూ ఉండగా ప్రమోద్ తన ఆఫీసును ఎంతో వివరంగా వర్ణించాడు. నాలుగో అంతస్తు, లిఫ్టు పక్క హాలు, కిటికీ దగ్గర తన కుర్చీ, మధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తుందో కూడా చెప్పాడు. చేసే పని ఏమిటో మాత్రం చెప్పలేదు.

"నీ ఆఫీస్ నాకు జర చూపిస్తవా?" అన్నారు శివరాములు గారు. అలా అడగాలని ఏ నిబంధనా లేదు. ప్రమోద్ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసి, తల ఊపాడు.

పంజగుట్ట కూడలి వెనుక సందులో ఒక భవనం నాలుగో అంతస్తు అది. ఎప్పుడో మూతపడిన శిక్షణ సంస్థ తాలూకు హాలు. పేరు చెక్కేసిన చోట గోడమీద జిగురు మరకలు. లోపల యువకులు, యువతులు వరుసలలో కూర్చుని ఉన్నారు. అందరి మెడలలోనూ కార్డులు. కొందరి ముందు సొంత ల్యాప్‌టాప్‌లు, కొందరి ముందు ఏళ్లుగా వెలగని మానిటర్లు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. పై అధికారి లేడు, హాజరు లేదు, అయినా ఆలస్యంగా వచ్చిన ప్రమోద్ తలవంచుకుని, కుర్చీ చప్పుడు కాకుండా లాక్కుని కూర్చున్నాడు.

ఎక్కడో ఒక ఫోను మోగింది. ఎవరిదో తెలియక ముందే అందరి వెన్నెముకలూ ఒక్కసారిగా నిటారుగా అయ్యాయి. అది అప్పు ఇస్తామనే ప్రకటన ఫోను అని తేలాక, అన్నీ మళ్లీ ఒక్కసారిగా వంగాయి.

ముందు వరుసలోని అమ్మాయి అప్పుడు శివరాములు గారిని గమనించింది. "సార్, హెచ్‌ఆర్ నుంచి వచ్చిండ్రా?"

హాలులోని ముఖాలన్నీ ఆయనవైపు తిరిగాయి. తనను అంత ఆశగా ఇంతమంది చూడడం జీవితంలో అదే మొదటిసారి అని ఆయన తరువాత అన్నారు. ఒక్క క్షణం, అవును అని చెప్పాలన్న కోరిక తనలోనుంచి కాక ఆ గదిలోనుంచి పుట్టి తన గొంతులోకి వచ్చినట్టు అనిపించిందట.

"కాదు తల్లీ" అన్నారాయన. ముఖాలు వెనక్కి తిరిగాయి.

మెట్లమీదికి వచ్చాక ఆయన ప్రమోద్‌ను అడిగారు. "జీతం ఎవరిస్తరు?"

"ఎవరియ్యరు సార్. కంపెనీలకు అప్లై చేస్తుంటం. కానీ పొద్దుగాల పోవాలె గదా."

"పోకుంటే?"

"పోకుంటే గదిల ఉండాలె. ఉంటే ఆంటీకి తెలుస్తది, మంచం పోతది." గొంతు తగ్గించి అన్నాడు: "నాకు సుత తెలుస్తది సార్."

శివరాములు గారి జేబులో పెన్ను, చేతిలో ట్యాబ్ ఉన్నాయి. చూసినదాన్ని అక్కడే దిద్దుకోవచ్చు. కానీ సర్వేలో చూసినది రాయరు, చెప్పినదే రాస్తారు. ఒక మనిషి తాను ఏమిటో తన నోటితో చెప్పుకోకముందే మరొకరు రాసేయడం అతణ్ని రెండోసారి లేకుండా చేయడమేనని ఆయన నమ్మకం. "సాయంత్రం గదికొచ్చి మళ్లీ అడుగుత. నువ్వేం చెప్తే అదే రాస్త. ఉన్నదంటే ఉన్నదనే రాస్త. మంచానికి నేను పూచీ ఇయ్యలేను" అని మాత్రం చెప్పి వచ్చారు.

సాయంత్రం హాస్టల్లో మూడో అంతస్తు వసారాలో, మెట్టుమీద కూర్చుని ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు. కింద మెట్ల మలుపులో దుర్గాంబ గారి చీర అంచు కనబడుతోంది. వెళ్లమని అడుగుదామంటే ఆ ఇల్లు ఆమెది. పక్కనే కూర్చున్న అనిత గొంతు తగ్గించమని సైగ చేసింది. ఆయన తగ్గించలేదు, పెంచనూ లేదు.

"గత ఏడు రోజులల్ల జీతానికో కూలికో ఒక్క గంటన్న పని చేసినవా?"

ప్రమోద్ కింద ఉన్న చీర అంచును చూశాడు. వసారాలో మూసి ఉన్న తలుపుల వెనుక అన్ని చప్పుళ్లూ ఆగిపోయాయి. బకెట్లో పడుతున్న నీళ్లను కూడా ఎవరో కట్టేశారు.

"లేదు సార్."

"పని కోసం చూస్తున్నవా?"

"చూస్తున్న."

చెప్పాక అతడు మెడలోని కార్డు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. తరువాత ఎదుటిది. ఒకటి తరువాత ఒకటిగా వసారా చివరిదాకా తలుపులు తెరుచుకున్నాయి.

"సార్, నాది సుత మార్చుండ్రి."

"అన్నా, నాది రాసిండ్రా? నేను సుత ఖాళీనే."

వారిలో ఎక్కువమంది లాటరీలో రానివారు. వారి జవాబులకు ట్యాబ్‌లో గడి లేదు. ఏ శాతంలోనూ వారు చేరరు. ఆ సంగతి శివరాములు గారు వారికి దాచకుండా చెప్పారు. "రాయకున్నా మంచిదే సార్, అడుగుండ్రి" అన్నాడు ఒకడు. ఆయన చివరి తలుపుదాకా ప్రతి ఒక్కరినీ, ఎంపికైనవారిని అడిగినట్టే, ఒక్క ప్రశ్న కూడా వదలకుండా అడిగారు. ప్రతి ఒక్కరూ లేదు అన్నారు. ఆ మాట అన్నాక ఒకరి ముఖం మరొకరి ముఖంలా లేకపోవడాన్ని అనిత గమనించింది.

అంతా అయ్యాక దుర్గాంబ గారు పైకి వచ్చారు. ప్రమోద్ లేచి నిలబడ్డాడు. ఆమె అతడి ఒళ్లోంచి కిందపడిన కార్డును చూశారు, తెరిచి ఉన్న తలుపులన్నిటినీ చూశారు.

"నాకేం వినపడలేదండీ" అన్నారు శివరాములు గారితో. తరువాత వసారా అంతటికీ వినబడేలా, "అన్నం చల్లారిపోతోంది, దిగండర్రా!"

ఆ బ్లాకు సున్నా చెరిగిపోయింది. రేటు అంతగా ఎందుకు మారిందని పై కార్యాలయం వివరణ కోరినప్పుడు, మొదటిసారి తాము ఇంటిని అడిగామనీ, రెండోసారి మనుషులను అడిగామనీ శివరాములు గారు రాసి పంపారు. దానిమీద అచ్యుతరావు గారు మారుమాట లేకుండా సంతకం చేశారు.

ఈ నెలాఖరున శివరాములు గారు పదవీ విరమణ చేయనున్నారు. మొన్న టీ వేళ అచ్యుతరావు గారు నవ్వుతూ, "సోమవారం నుంచి ఏం చేస్తారేంటి?" అని అడిగారు. అలాంటి ప్రశ్నకు అందరూ ముందే సిద్ధం చేసుకునే జవాబులు కొన్ని ఉంటాయి. తీర్థయాత్రలనో, తోటపని అనో, పుస్తకాలనో. శివరాములు గారు కప్పు కింద పెట్టారు.

"తెల్వదు సార్" అన్నారు, అందరిముందూ, నిదానంగా.

ఇంకా ఎవరికీ తెలియని ఆ సోమవారాలు వారికీ, శ్రీమతి కాంతవ్వ గారికీ ఆయురారోగ్యాలతో, నిండు ప్రశాంతతతో, లెక్కకు అందనన్ని రావాలని కార్యాలయ సహోద్యోగులందరూ మనసారా కోరుకుంటున్నారు.